ఆ అరగంట ఎవరిది? షిఫ్టు కార్మికుల ప్రణాళిక

ఫ్యాక్టరీ గేటు దగ్గర, పెట్రోలు బంకులో, ఆస్పత్రి వార్డులో, బట్టల షోరూములో, గోడౌనులో షిఫ్టుల లెక్కన పనిచేసేవాళ్ళం మేము. మా ప్రణాళికకు మూల సూత్రం ఒక్కటే: జీతం కట్టని విరామం పూర్తిగా కార్మికుడిదై ఉండాలి, కార్మికుడిది కాని ప్రతి నిమిషానికీ జీతం కట్టాలి. చేతిలో పని ఆగినంత మాత్రాన అది విరామం కాదు. ఆ పని బాధ్యతను ఇంకొకరు అందుకున్నప్పుడే విరామం. గేటు పక్కన కుర్చీలోనే క్యారేజీ విప్పుకుని, హారన్ వినపడగానే ఎంగిలి చేత్తో గొలుసు తీసే గార్డు భోజన విరామంలో లేడు, డ్యూటీలో ఉన్నాడు. బంకులో నడుముకున్న క్యాష్ బ్యాగు విప్పకుండా పంపు వెనక నిలబడి నాలుగు ముద్దలు తినే అమ్మాయి సంగతీ అంతే. ఆ బ్యాగులో లెక్క తగ్గితే ఆమే కట్టుకోవాలి. కాబట్టి బ్యాగు నడుముకు ఉన్నంతసేపూ ఆమె పనిలో ఉన్నట్టే.

ఈ అరగంట విలువ తెలియాలంటే ముందు గంట రేటు తేలాలి. చాలామందికి నెల జీతం తెలుసు, గంట రేటు తెలియదు. లెక్క సులువుగా ఉండేందుకు నెలకు 15,600 రూపాయలు అనుకుందాం. వారపు సెలవులు పోను నెలకు 26 పనిదినాలు. 26తో భాగిస్తే రోజుకు 600, దాన్ని 8తో భాగిస్తే గంటకు 75 రూపాయలు. ఈ 26 మేము పుట్టించిన అంకె కాదు. గ్రాట్యుటీ లెక్కలో నెల జీతాన్ని 26తో భాగించడం సరైనదేనని సుప్రీంకోర్టు 1980లో దిగ్విజయ్ వూలెన్ మిల్స్ కేసులో చెప్పింది. 1987లో ఆ అంకె గ్రాట్యుటీ చట్టంలోకే ఎక్కింది. అదే 15,600ను 30తో, ఆపైన పన్నెండు గంటల డ్యూటీతో భాగించి చూడండి: గంటకు 43 రూపాయల 33 పైసలు. జీతం మారలేదు, భాగించిన అంకె మాత్రమే మారింది. ఇక విరామం సంగతి. ఉదయం 9 నుంచి సాయంత్రం 5.30 దాకా డ్యూటీ, అందులో అరగంట భోజనానికి, జీతం 8 గంటలకు. కాగితం మీద ఇందులో తప్పేమీ లేదు. కానీ ఆ అరగంట కూడా పనిలోనే పోతే రోజుకు ఎనిమిదిన్నర గంటలు, ఆరు రోజులకు 51 గంటలు అవుతాయి. వారానికి 48 దాటిన గంటలు ఓటీ కిందికి వస్తాయి. ఓటీకి రెట్టింపు రేటు కాబట్టి గంటకు 150, అరగంటకు 75 రూపాయలు. 26 రోజులకు 1,950 రూపాయలు. నెల జీతంలో సరిగ్గా ఎనిమిదో వంతు! ఏ పే స్లిప్పులోనూ ఇది కోతగా కనిపించదు. అందుకే దీన్ని అడిగేవాళ్ళూ లేరు.

చట్టం ఏం చెప్పిందో దాచకుండా ఒప్పుకుందాం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఐదు గంటల పనికి ముందే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. విశ్రాంతితో కలిపి రోజు పదిన్నర గంటలు దాటకూడదంది. ఆ విశ్రాంతికి జీతం కట్టమని మాత్రం అనలేదు. మేము కూడా నిజమైన విశ్రాంతికి జీతం అడగడం లేదు. విశ్రాంతి అని రాసి పని చేయించుకుంటేనే అడుగుతున్నాం. అమెరికా కార్మిక నిబంధనలు ఈ గీతను స్పష్టంగా గీశాయి. 5 నుంచి 20 నిమిషాల చిన్న విరామాలు పనిగంటల్లోనే లెక్క. అరగంట భోజన విరామానికి జీతం ఆపాలంటే ఆ సమయంలో మనిషిని పని నుంచి పూర్తిగా విడిచిపెట్టాలి. బల్ల దగ్గరో మెషీన్ దగ్గరో ఉండి తినాల్సి వస్తే అదీ పనే. అక్కడి స్టోర్లలో గంటల లెక్కన పనిచేసే మన పిల్లలకు ఉన్న ఈ రక్షణ, ఇక్కడ షోరూములో నిలబడే మన పిల్లలకు ఎందుకు ఉండకూడదు?

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నామంటే, రోజు సాగుతోంది. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల పనికి అనుమతి ఇచ్చింది. వారానికి 48 గంటల హద్దు ఉంచింది, ఆరు గంటలకు అరగంట విరామం చెప్పింది, విరామాలతో కలిపి పన్నెండు గంటలు దాటకూడదంది. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది ఫ్యాక్టరీల్లో రోజు పనిని 9 నుంచి 10 గంటలకు పెంచే దారి పట్టింది. నవంబరు 21న కేంద్రం కొత్త లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. ఓటీకి రెట్టింపు రేటు వాటిలోనూ ఉంది. పది గంటల పనికీ పన్నెండు గంటల హద్దుకూ నడుమ రెండు గంటల ఖాళీ ఉంది. విరామానికి గట్టి నిర్వచనం లేకపోతే ఆ ఖాళీలోకి జీతం లేని పని వచ్చి కూర్చుంటుంది.

యజమానుల అభ్యంతరాలు మాకు తెలుసు. నెల జీతం ఇస్తున్నాం, గంటల లెక్క దేనికని మొదటి మాట. పది నిమిషాలు ఆలస్యంగా పంచింగ్ పడితే అరపూట కోసేచోట ఈ మాట చెల్లదు. కోతకు నిమిషాలు లెక్కపెట్టేవారు కూలికీ నిమిషాలు లెక్కపెట్టాలి. రెండో మాటలో బరువుంది: ఇద్దరే పనిచేసే చిన్న దుకాణంలో రిలీవర్‌ను ఎక్కడినుంచి తెస్తారు? నిజమే, తేలేరు. అలాంటిచోట రిలీవర్ కావాలని మేము పట్టుబట్టం. ఆ అరగంటను పనిగంటగా రాసి జీతం కట్టమంటాం, అంతే. రిలీవర్ లేకపోవడం వ్యాపారం ఖర్చు. దాన్ని తినే మనిషి కంచంలోంచి తీయకూడదు. విరామం దొరకలేదని అందరూ అబద్ధం రాస్తారన్నది మూడో మాట. విరామానికి వెళ్ళినవారు, డ్యూటీ అందుకున్నవారు ఇద్దరూ ఒకే రిజిస్టరులో టైం వేసి సంతకం పెడితే అబద్ధానికి చోటుండదు, కార్మికుడి వైపు నుంచైనా, సూపర్‌వైజర్ వైపు నుంచైనా.

అందుచేత మేము అడిగేవి ఇవి. పే స్లిప్పులో నెల జీతంతో పాటు గంట రేటు, డ్యూటీ గంటలు, విరామం, ఓటీ విడివిడిగా చూపాలి. టీ విరామాలు పనిగంటల్లోనే ఉండాలి. భోజన విరామాన్ని పది నిమిషాల ముక్కలుగా కోయకూడదు. ఆ సమయంలో గేటు దాటి వెళ్ళే స్వేచ్ఛ, వెళ్ళనివారికి కూర్చోవడానికి చోటు ఉండాలి. షాపుల్లో కూర్చునే హక్కును కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలోనే రాశాయి. మన రెండు రాష్ట్రాలూ రాయాలి. మధ్యలో పిలిస్తే, రెండు నిమిషాలకు పిలిచినా సరే, ఆ విరామం మొత్తం పని కిందే జమకట్టాలి. తెగిన విశ్రాంతిని అతికించి లెక్కపెట్టడం కుదరదు.

ఈ నెల జీతం పడగానే దాన్ని 26తో, తర్వాత 8తో భాగించి చూడండి. నెలలో ఎన్ని భోజన విరామాలు పనిలో పోయాయో తేదీలతో ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం మీ దగ్గర ఒకటి ఉంచుకుని, ఇంకొకటి మాకు అందించండి.