మాగిన పండు ఎవరి వాటా?

డజను అరటిపళ్లు కొంటే మొదటి ఎనిమిదీ ఎవరు తిన్నారో ఇంట్లో ఎవర్నడిగినా చెబుతారు. తొక్క నల్లబడి, తొడిమె ఊడిపోతున్న ఆఖరి నాలుగూ ఎవరు తిన్నారని ఎవరూ అడగరు. తెలిసిందే కదా! పారేయడానికి చెయ్యిరాక, వంటింట్లో నిలబడే గబగబా నోట్లో వేసుకునేది ఇల్లాలే. పండు పాడవబోతోందంటే అది ఆవిడ వాటాకి వచ్చిందన్నమాట.

పొదుపు వద్దని నేననడం లేదు. బాగా మాగిన పండు, కుళ్లిన పండు ఒకటి కాదు. అరటిపండు మాగేకొద్దీ అందులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. అందుకే అలాంటివి రెండు చిదిమి, గోధుమపిండి, కాస్త కొబ్బరికోరు, యాలకుల పొడి కలిపి గుంటపొంగణాలు వేస్తే బెల్లం చిన్న ముక్క చాలు. మంట మాత్రం బాగా తగ్గించాలి, తీపికి ఇట్టే మాడిపోతాయి. మెత్తబడ్డ బొప్పాయిని నేతిలో మగ్గిస్తే హల్వా. సపోటాలు పాలల్లోకి. ఇక మామిడి సంగతి చెప్పేదేముంది? విజయనగరం జిల్లా భీమాలిలో మామిడి రసాన్ని చాపల మీద పొర మీద పొర పోసి ఎండబెట్టే తాండ్ర ఎన్ని కుటుంబాలకో బతుకుతెరువు. ఇంట్లో అయితే నెయ్యి రాసిన పళ్లెం చాలు. కాకపోతే మంచి ఎండలు కావాలి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో గంటసేపు తొంగిచూసి పోయే ఎండకి తాండ్ర ఆరదు, బూజు పడుతుంది.

ఆ బూజు దగ్గరే గీత గీయాలి. "అంతవరకూ కోసి పారేస్తే సరి" అనే మాట మెత్తటి పళ్లకి పనికిరాదు. పైకి కనిపించేది చిన్న మచ్చే అయినా పోగులు లోపలికి పాకి ఉంటాయి. కొన్ని బూజుల విషం ఉడికించినా పోదు. పులిసిన వాసన కొడుతున్న పండూ అంతే, పారేయాల్సిందే. అలాంటిది పిల్లలకి పెట్టం, చుట్టాలకి పెట్టం. మన కడుపు మాత్రం చెత్తబుట్టా? షుగరున్న అత్తగారు కూడా "దండగవుతాయే అమ్మాయ్" అంటూ మాగిన పళ్లు ముందేసుకుని కూర్చుంటే ఏమనాలి!

అసలు తిరకాసు కొనే దగ్గరే ఉంది. చవగ్గా వచ్చాయని ఆయనగారు బుట్టెడు తెస్తారు, వాటిని ఒడ్డెక్కించే పని మనకి పడుతుంది. అరడజను చాలని చెప్పండి. అందులో సగం దోరవి ఏరుకోండి. అరటిపళ్లని యాపిల్స్ పక్కన పెట్టకండి. మాగే పండు విడిచే ఇథిలీన్ వాయువు పక్కవాటినీ తొందరపెడుతుంది. పండిన అరటిపళ్లని ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుంది గానీ లోపల పండు ఇంకొన్నాళ్లు బాగానే ఉంటుంది.

ఇంకొక్క మాట. పళ్లు తెచ్చిన రోజునే అందరితోపాటు మీ పళ్లెంలోనూ ముక్కలు వేసుకోండి. "నేను తర్వాత తింటాలే" అనకండి. ఇంకోటి కావాలని పిల్లలడిగితే "అయిపోయాయిరా, ఆఖరిది నేను తినేశాను" అనడానికి మొహమాటం దేనికి?