అడవి అంచున ఆకాశమార్గం: ఖమ్మం, భద్రాచలం సరిహద్దు ప్రయాణ దూరాలపై ఒక పరిశీలన

(ప్రత్యేక వ్యాసం)

భద్రాచలం: రాజమహేంద్రవరం సమీపాన మధురపూడి విమానాశ్రయానికీ, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం బస్తర్ జిల్లా కేంద్రమైన జగదల్‌పూర్‌లోని మా దంతేశ్వరి విమానాశ్రయానికీ మధ్య ఆకాశమార్గాన దూరం సుమారు 220 కిలోమీటర్లు. ఏటీఆర్ తరహా చిన్న విమానం గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో పయనిస్తుంది కనుక, ఎగరడం, దిగడం కలుపుకొన్నా ముప్పావు గంటలో ముగియవలసిన ప్రయాణమిది. అయితే ఈ రెండింటినీ నేరుగా కలిపే విమాన సర్వీసు లేదు. రంపచోడవరం, మారేడుమిల్లి ఘాట్, చింతూరు, కుంట, సుక్మాల మీదుగా రోడ్డున 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. పగలంతా దీనికే సరిపోతుంది.

ఈ రెండు విమానాశ్రయాల నడుమ, పడమటి దిక్కుగా భద్రాచలం ఉన్నది. ఇక్కడి నుండి మధురపూడి సరళరేఖలో సుమారు 115 కిలోమీటర్లు, గన్నవరం 125, జగదల్‌పూర్ 200, శంషాబాద్ 265 కిలోమీటర్లు. పటంపై దగ్గరగా కనిపించే మధురపూడికి మారేడుమిల్లి ఘాట్ దారిన వెళితే దూరం 180 కిలోమీటర్లకు పైమాటే. దూరం విషయంలో పేర్లు కూడా బాటసారిని మోసగించే ప్రాంతమిది. 'భద్రాచలం రోడ్' రైల్వే స్టేషన్ ఉన్నది భద్రాచలంలో కాదు, 40 కిలోమీటర్ల దూరాన కొత్తగూడెంలో.

ప్రాంతీయ విమానయాన పథకం 'ఉడాన్' క్రింద 2017 ఏప్రిల్ 27న కడప-హైదరాబాద్ సర్వీసు ప్రారంభమైన విషయం విదితమే. అదే పథకం క్రింద 2020 సెప్టెంబరులో హైదరాబాద్-జగదల్‌పూర్-రాయపూర్ సర్వీసు మొదలైంది. హైదరాబాద్ నుండి జగదల్‌పూర్‌కు గీత గీస్తే అది ఏటూరునాగారం అడవుల మీదుగా సాగుతుంది. క్రింద ఉన్న పల్లెల వారికి ఆ విమానం ఎక్కడానికి అటు శంషాబాద్, ఇటు జగదల్‌పూర్ తప్ప వేరు దారి లేకపోవడం గమనార్హం.

కొత్తగూడెం వద్ద విమానాశ్రయ ప్రతిపాదన చాలాకాలంగా ఉన్నది. భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ బృందం 2025 జనవరిలో స్థల పరిశీలన జరిపింది. ఒకవేళ అది సాకారమైతే భద్రాచలం వాసికి ఒనగూడేది ఎంత? కొత్తగూడెం చేరుటకు ఒక గంట, విమానాశ్రయంలో వేచియుండుటకు మరో గంట, గగనయానం ముప్పావు గంట, శంషాబాద్ నుండి నగరంలోకి ఇంకొక గంట, వెరసి దాదాపు నాలుగు గంటలు. రోడ్డు మార్గాన ఆరు గంటలు పడుతుంది. అంటే ఆదా రెండు గంటలే. ఢిల్లీ, బెంగళూరు వంటి దూర నగరాలకు వెళ్ళేవారికి మేలు ఎక్కువే గానీ, చింతూరు, కుంట ప్రాంతాల నుండి భద్రాచలం ఆసుపత్రికి వచ్చే రోగికి ముందుగా కావలసింది వానాకాలంలో తెగని రోడ్డు.

2022 జూలై 16న ఇక్కడ గోదావరి నీటిమట్టం 71.3 అడుగులకు చేరినది. మూడవ ప్రమాద హెచ్చరిక స్థాయి 53 అడుగులే. వంతెనపై రాకపోకలు నిలిచిపోయాయి. అటువంటి రోజులలో దట్టమైన మబ్బుల వలన చిన్న విమానాలు దిగడమూ కష్టమే.

ఈ దృష్ట్యా, భద్రాచలం మీదుగా మల్కన్‌గిరి-పాండురంగాపురం మధ్య 173.6 కిలోమీటర్ల నూతన రైలుమార్గానికి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఇచ్చిన ఆమోదం ప్రాధాన్యత సంతరించుకున్నది. అది పూర్తయిననాడు రైలు భద్రాచలం పట్టణానికే చేరుతుంది.