టమాటా అడుగున నలుపెందుకు?

మదనపల్లె మార్కెట్లో టమాటా ధర ఎంత పలికిందన్నది ప్రతిసారీ వార్తే. పక్కకు తోసేసిన కాయల సంగతే ఎవరికీ పట్టదు. వాటిలో అడుగున నల్లగా కుంగిపోయినవాటిని చూడండి. అది తెగులు కాదు, కాల్షియం లోటు. విచిత్రమేమిటంటే, చాలాసార్లు నేలలో కాల్షియానికి కొదవుండదు. అది నీటితోపాటే మొక్కలోకి ఎక్కుతుంది. నీరు ఆకుల నుంచే ఎక్కువగా ఆవిరవుతుంది కనుక సింహభాగం వాటికే చేరుతుంది, కాయకు దక్కేది కొసరే. ఒక వారం ఎండగట్టి మరో వారం ముంచెత్తితే ఆ కొసరూ అందదు. దానికితోడు యూరియా దట్టిస్తే ఆకు విరగబెరిగి కాయ వాటాను మింగేస్తుంది. అయినా రైతు పరుగెత్తేది తెగులు మందు కోసమే. దుకాణదారు కాదంటాడా!

పండుకు ఎరుపు, పులుపు చాలావరకు పొటాష్ చలవ. అది చాలకపోతే తొడిమ చుట్టూ పసుపుగా, గట్టిగా మిగిలిపోతుంది. మితిమీరితే మళ్లీ కాల్షియానికే అడ్డం. ఇంత లెక్క ఉన్నా రైతు యూరియావైపు మొగ్గడంలో వింతేమీ లేదు. 2010లో పోషకాధారిత సబ్సిడీ తెచ్చిన కేంద్రం యూరియాను అందులోంచి మినహాయించి దాని ధరను తొక్కిపట్టింది, పొటాష్ ధరను కంపెనీలకు వదిలేసింది. ఇప్పుడు బస్తా పొటాష్ డబ్బుతో యూరియా నాలుగు బస్తాలకు పైగానే వస్తుంది.