మందలను కుక్కల పాలు చేయొద్దు

పుంగనూరు ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. అమెరికాలో పెంచే మినియేచర్ గుర్రం 34 అంగుళాలు, అంటే సుమారు 86 సెంటీమీటర్లు మించకూడదని అక్కడి పెంపకందారుల సంఘం నిబంధన. రెండూ ఇంచుమించు ఒకే ఎత్తు. రెంటికీ పొంచి ఉన్న ప్రమాదమూ ఒకటే, గుంపు కట్టి తిరిగే కుక్కలు. ఒంగోలు ఆవు కొమ్ము విసిరితే కుక్క వెనక్కి తగ్గుతుంది. పుంగనూరు ఆవుకు ఆ ఎత్తూ లేదు, ఆ బరువూ లేదు. దాని దూడ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఈ పొట్టి జాతి పుట్టిల్లు పుంగనూరు సంస్థానం. ఒక దశలో అంతరించిపోతుందేమో అనిపించిన జాతిని పలమనేరు పశు పరిశోధన కేంద్రం దశాబ్దాలుగా కాపాడుకుంటూ వచ్చింది. 2024 సంక్రాంతికి ప్రధాని మోదీ ఢిల్లీలోని తన నివాసంలో ఈ ఆవులకు మేత తినిపించిన దృశ్యాలు దేశమంతా చూసింది. ఆ తర్వాత గిరాకీ పెరిగింది, ధరలూ పెరిగాయి. ఇంటి ముంగిట, తోటలో, గుడి ఆవరణలో పెంచేవారు ఎక్కువయ్యారు. జాతిని పెంచే పథకాల గురించి ప్రభుత్వాలు ఎంతో చెప్పాయి. పుట్టిన దూడ రాత్రిపూట ఎక్కడ పడుకుంటుంది, దాని చుట్టూ ఏ గోడ ఉంది అన్నది మాత్రం ఎవరూ అడగలేదు.

ఖరీదైన ఆవు ఉన్నవాళ్లు ఎలాగో ఒక గేటు పెట్టించుకోగలరు. అసలు దెబ్బ గొర్రెల కాపరికి. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కోటి 76 లక్షల గొర్రెలున్నాయి. తెలంగాణ తర్వాత దేశంలో రెండో స్థానం మనదే. చిత్తూరు జిల్లా మెట్ట పల్లెల్లో వాన మొహం చాటేసిన ఏడాది ఇల్లు గడిపేది ఈ మందే. ఎరువు కోసం రైతు చేలో మంద పెట్టించుకుంటాడు. రాత్రంతా జీవాలకు ఆకాశమే కప్పు, నాలుగు కంపలే కంచె. తెల్లవారుజామున కాపరి కన్ను మూతపడిన గంటలో కుక్కలు పడతాయి. అవి ఆకలితో ఒక్క గొర్రెను పట్టుకుని వెళ్లిపోవు. మంద బెదిరి పరుగెత్తే కొద్దీ వెంటాడి, ఒకదాని తర్వాత ఒకదాన్ని కరిచి పడేస్తాయి. ఒంటి మీద గాయం లేని గొర్రెలు కూడా భయంతో, తొక్కిసలాటతో చచ్చిపోతాయి. చూలు గొర్రెలు ఈసుకుపోతాయి. ఏళ్ల తరబడి కూడబెట్టిన ఆస్తి ఒక్క రాత్రిలో పోతుంది.

పూతలపట్టు లాంటి చోట ఈ ముప్పు మరింత దగ్గరగా ఉంది. ఇటు చిత్తూరు, అటు తిరుపతి, మధ్యలో కాణిపాకం భక్తుల రద్దీ, నాయుడుపేట వైపు పోయే హైవే. రోడ్డు వెంట దాబాలు, చికెన్ అంగళ్లు పెరిగాయి. అంగడి మూసేటప్పుడు ఈకలు, పేగులు గోనెసంచిలో కట్టి కాలువ గట్టునో, చెరువు కట్ట కిందనో పారేసే అలవాటు రాయలసీమ అంతటా ఉంది. పచ్చి మాంసం రుచి మరిగిన కుక్కలు అక్కడే గుంపు కడతాయి, అక్కడే ఈనుతాయి. వ్యర్థాలు దొరకని రోజు పక్క చేలోని మంద వైపు తిరుగుతాయి. కుక్కను తిట్టే ముందు ఆ గోనెసంచి విసిరిన చేతికి జరిమానా వేయాలి. పంచాయతీకి ఆ అధికారం ఉంది. వాడాలి.

విషం పెట్టి చంపేస్తే పీడ వదులుతుందనే మాట పల్లెల్లో వినిపిస్తూనే ఉంటుంది. కడుపు మండిన కాపరి నోట ఆ మాట రావడంలో వింత లేదు. కానీ ఆ దారి తప్పు. 2021లో పశ్చిమ గోదావరి జిల్లా లింగపాలెంలో వందల కుక్కలను చంపి గోతిలో పూడ్చారన్న ఆరోపణపై కేసు నమోదైంది. జంతుహింస నిరోధక చట్టం 1960 నుంచే అమల్లో ఉంది. చట్టం మాట పక్కన పెట్టినా లాభం శూన్యం. తిండి దొరికే చోటు అలాగే ఉంటే, చచ్చిన గుంపు స్థానంలోకి పక్క ఊరి కుక్కలు వచ్చి చేరతాయి. విషం కలిపిన మాంసాన్ని కాపరి సొంత కుక్క తిన్నా చస్తుంది.

చేయాల్సింది చట్టంలోనే ఉంది. 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, రేబిస్ టీకాలు వేయించే బాధ్యత స్థానిక సంస్థలది. స్థానిక సంస్థ అంటే కార్పొరేషన్ ఒక్కటే కాదు, పంచాయతీ కూడా. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధి కుక్కల కేసులో తన ముందరి ఆదేశాన్ని సవరిస్తూ, ఆపరేషన్, టీకా పూర్తయిన కుక్కలను పట్టిన చోటే వదలాలనీ, రేబిస్ సోకినవాటినీ దూకుడుగా మీదపడేవాటినీ వదలకూడదనీ చెప్పింది. ఆ కేసు పరిధిని అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. అయినా ఆపరేషన్లు ఎక్కువగా పట్టణాల దగ్గరే ఆగిపోతున్నాయి. ఊరి పొలిమేర దాటి కుక్కల బండి రాదు.

ఒక్కో పంచాయతీ సొంతంగా ఆపరేషన్ గది కట్టలేదు, నిజమే. నాలుగైదు మండలాలకు కలిపి ఒక కేంద్రం పెట్టవచ్చు. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. శిక్షణ ఇచ్చే గురువులు, నేర్చుకునే విద్యార్థులు మన గడప ముందే ఉన్నారు. గోవాలో ప్రభుత్వం, ఒక స్వచ్ఛంద సంస్థ కలిసి ఊరూరా కుక్కలకు టీకాలు వేయించి, మనుషుల్లో రేబిస్ మరణాలను దాదాపు లేకుండా చేశాయి. ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకు టీకా పడితే రేబిస్ వ్యాప్తి ఆగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చిత్తూరు జిల్లాకు ఇది అందని పని కాదు.

పెంపకందారులూ కొన్ని జాగ్రత్తలు తీసుకోక తప్పదు. దూడలను, గొర్రె పిల్లలను రాత్రి బయట కట్టేయకూడదు. దొడ్డికి కంప ఒక్కటే చాలదు. ఐదారడుగుల ఇనుప జాలీ కావాలి, కుక్కలు తవ్వుకుని దూరకుండా దాని అడుగు మట్టిలోకి దిగాలి. తాడుతో కట్టిన జీవం పారిపోలేదు కాబట్టి దొడ్డి లోపల వదిలేయడమే మేలు. కుక్క కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో పావుగంట కడగాలి. ఆ పైన పశువుల డాక్టరు చెప్పినన్ని టీకాలూ వేయించాలి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. కరిచిన కొన్నాళ్లకు ఆవు చొంగ కారుస్తూ మేత మింగలేకపోతుంటే, గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని నోట్లో చెయ్యి పెట్టకూడదు. అది రేబిస్ కావచ్చు. లక్షణాలు బయటపడ్డాక పశువుకైనా మనిషికైనా దానికి మందు లేదు.

కానీ ఇనుప జాలీకి డబ్బు కావాలి. చేలు మారుతూ మంద తోలుకుపోయే కాపరికి స్థిరమైన దొడ్డే ఉండదు. మడిచి మోసుకెళ్లగల జాలీ పలకలను రాయితీ మీద ఇవ్వడం పశుసంవర్ధక శాఖ ముందు చేయాల్సిన పని.

ఇక నష్టపరిహారం. చిరుతపులి ఆవును చంపితే అటవీ శాఖ పరిహారం ఇస్తుంది. కుక్కలు పది గొర్రెలను చంపితే కాపరి ఏ ఆఫీసు మెట్లెక్కాలి? పొరుగున తమిళనాడులో కాంగేయం చుట్టుపక్కల రైతులు చచ్చిన గొర్రెలను రోడ్డు మీద పెట్టి ఆందోళన చేశారు. 2025లో అక్కడి ప్రభుత్వం కుక్కల దాడిలో పోయిన జీవాలకు పరిహారం ఇవ్వడానికి ఒప్పుకుంది. సరిహద్దుకు ఇవతల ఉన్నంత మాత్రాన మన కాపరి కష్టం తక్కువది కాదు. పశుబీమాలో లబ్ధిదారుడు కట్టాల్సిన వాటాను కేంద్రం 2024లో ప్రీమియంలో 15 శాతానికి తగ్గించింది. ఆ సంగతి తెలిసిన కాపరులు పల్లెల్లో ఎందరు? బీమా చేయించే బాధ్యతను రైతు సేవా కేంద్రాలకు అప్పగించాలి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కుక్కల దాడిని పరిహారం ఇవ్వదగిన నష్టంగా గుర్తిస్తూ జీవో ఇవ్వాలి. గొర్రెకు, మేకకు, ఆవుకు, దూడకు విడివిడిగా ధర కట్టాలి, మేలుజాతి పుంగనూరుకు వేరే ధర ఉండాలి. సమాచారం అందిన రోజే పశుసంవర్ధక సహాయకుడు మంద దగ్గరికి వెళ్లి ఫొటోలు తీసి, పంచనామా రాసి, కాపరి చేతికి ఒక నకలు ఇవ్వాలి. ఆ కాగితం మీదే నెల తిరిగేలోగా డబ్బు బ్యాంకు ఖాతాలో పడాలి.