లోకసంబంధముల చదువు మనకేల?

పదియవ తరగతితో చదువు చాలించి వర్తకమున దిగిన మాబోటివారికి డాక్టరనిన వైద్యుడే జ్ఞాపకమునకు వచ్చును. ఇటీవల మన శోళవరపు తెలుగు కుటుంబములలోని యువతి యొకతె, ఎం.ఏ. ముగించి, అంతర్జాతీయ సంబంధముల శాస్త్రమున డాక్టరేటుకు పరిశోధన చేయగోరుచున్నానని చెప్పగా, పెద్దలు పలువురు "అది కూడు పెట్టునా?" యనిరి. ఆ ప్రశ్నను మేము తప్పు పట్టము. లెక్క చూడక పెట్టుబడి పెట్టరాదు గదా! కావున లెక్కయే చూతము.

ముందు ఖర్చు. 2022 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారము ఈ చదువునకు కనీసము 3 సంవత్సరములు పట్టును; సాధారణపు గడువు 6 సంవత్సరములు. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. అర్హత పొందినవారికి 2023 నుండి తొలి రెండేండ్లు నెలకు 37,000 రూపాయల వేతనము నిర్ణయమైనది. అది దొరకనివారికి ఇల్లే ఆధారము. పిమ్మట అధ్యాపకపదవి చేతికందునని ఎవరును హామీ యీయజాలరు. ఈ నిజమును దాచి పిల్లలను పురికొల్పుట ధర్మము కాదు.

ఇక రాబడి. మనకు ఉత్తరముననున్న ప్రళయకావేరిలో, అనగా పళవేర్కాడులో, 1613లో డచ్చివారు కోట కట్టిరి. ఈ తీరపు నేతబట్టలు సముద్రము దాటి సుగంధద్రవ్యముల దీవులకు పోయినవి; ఆ బేరములలో తెలుగు వర్తకులును ఉండిరి. డచ్చివారి కాగితములు నేటికిని చెన్నపట్టణమున ఎళుంబూరు పత్రభాండాగారమున గలవు. 1962 తరువాత బర్మానుండి వేలకొలది తెలుగువారు ఉన్నదంతయు విడిచి తిరిగివచ్చిరి. వారి కథను వారి భాషలో విని వ్రాయగలవారెవరు? మన చెరువునే చూడుడు. పూండి నుండి దీనికి నీరు వచ్చును. పూండికి కృష్ణాజలము 1983 నాటి తెలుగుగంగ యొడంబడిక వలన చేరుచున్నది. రాష్ట్రముల నడుమ నీటిపంపకమే యింత సున్నితమైనపుడు దేశముల నడుమ ఎట్లుండును? 1960 నాటి సింధుజలముల యొడంబడికను మన ప్రభుత్వము 2025 ఏప్రిలులో నిలిపివేయుట ఎల్లరు ఎరిగినదే. ఇట్టివి తెలిసినవారు మనలో నుండుట అనవసరమా?

1888లో తిరుత్తణిలో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు తత్త్వశాస్త్రజ్ఞులయ్యు 1949 నుండి 1952 వరకు మాస్కోలో భారత రాయబారిగ నుండిరి. ఈ ప్రాంతపు బిడ్డకు లోకము దూరము కాదని వారే చూపిరి.

ఢిల్లీలో 1955లో నెలకొని, 1970లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున చేరిన అంతర్జాతీయ అధ్యయన విద్యాలయము ఈ శాస్త్రమునకు పేరుపడినది. అంతదూరము పంప వెరచువారికి పుదుచ్చేరి విశ్వవిద్యాలయము కలదు.

మా మనవి యిది. వేతనము చేతికందువరకు పరీక్షరుసుము, పుస్తకములు, ప్రయాణపు ఖర్చు సంఘనిధి నుండి ఇత్తము. ప్రతిగా ఆమె తన పరిశోధన సంగతులను ఏటేట తెలుగున ఈ పత్రికకు వ్రాయవలెను. సెలవులలో మన పిల్లలకు తెలుగక్షరములు నేర్పవలెను. తలిదండ్రులు పెండ్లి వంకతో నడుమ చదువు మాన్పింపరాదు. ఇంజనీరింగు చదువు మగపిల్లలకు అప్పుచేసి లక్షలు పోయుచున్న మనము, ఒక ఆడుబిడ్డ పుస్తకములకు వెనుదీసిన యెడల, ఆ లోటు మన లోభమునదే గాని ఆ శాస్త్రమునది కాదు. రానున్న సర్వసభ్య సమావేశమున సభ్యులెల్లరు దీనిని యోచింతురుగాక.