స్టూడియో టోపీ

మా అన్నయ్యకి డెబ్భై ఏళ్లు నిండాయని పిల్లలు ఏలూరులో వేడుక చేశారు. హాలు గుమ్మానికి పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద 1972 నాటి అన్నయ్య ఫొటో. అంచులు పైకి వంగిన కౌబాయ్ టోపీ, మెడలో రుమాలు, నడుముకి వెడల్పాటి బెల్టు, చేతిలో బొమ్మ పిస్తోలు. వెనక తెర మీద రంగులేసిన కొండలు. వచ్చినవాళ్లంతా ముచ్చటపడి దాని పక్కన నిలబడి మళ్లీ ఫొటోలు దిగారు. నేనూ నవ్వాను. కానీ అదే రోజు, అదే టోపీతో తీసిన ఇంకో ఫొటో కూడా ఉండాలి. అది నాది.

అప్పటికి ఏడాది కిందట, 1971లో, ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చింది. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు, ఆరుద్ర రచయిత, కృష్ణ హీరో. కృష్ణ ఏలూరు సి.ఆర్.ఆర్. కాలేజీలో చదివినవాడు కాబట్టి మా వైపు కుర్రాళ్లకి ఆయన సొంత మనిషి కింద లెక్క. అమెరికా పశువుల కాపరుల టోపీ ఇటలీవాళ్ల సినిమాల కోసం స్పెయిన్‌కి వెళ్లి, అక్కణ్ణుంచి రాజస్థాన్ ఎడారి చేరి, ఆఖరికి మా తాడేపల్లిగూడెం ఫొటో స్టూడియోలో మేకుకి వేలాడింది. కోటు, నల్లకళ్లద్దాలు కూడా అక్కడే ఉండేవి. మగపిల్లలు వరస కట్టి దిగేవాళ్లు.

పండక్కి గూడెంలో మా మేనత్త గారింటికి వెళ్లినప్పుడు అన్నయ్యతో నేనూ స్టూడియోకి వెళ్లాను. నాకు పద్నాలుగేళ్లు. వాడు ఆ వేషం తీస్తుంటే టోపీ నా నెత్తిన పెట్టుకున్నాను. స్టూడియో ఆయన సరదాపడి ఒకటి తీశాడు. అంతే జరిగింది. వారం తర్వాత ఫొటోలు ఇంటికొచ్చాయి. నాన్న నాది చూసి, ‘ఇది ఎవడి కంటన్నా పడితే నిన్నెవడు చేసుకుంటాడే?’ అని నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పడేశాడు. అన్నయ్యదానికి చట్రం కట్టించాడు.

ఆ ఏడే నాకు మరో ఫొటో తీయించారు. పట్టు పరికిణీ, పూలజడ, జడ కనిపించేలా వెనక అద్దం. ఫొటో వెనక పేరు, వయసు, నక్షత్రం, పొడుగు. అది ఎనిమిది ఇళ్లు తిరిగింది. రెండు కాపీలు ఎప్పటికీ తిరిగి రాలేదు. పదో తరగతితో నా చదువూ ఆగిపోయింది. చదువాగడానికి టోపీయే కారణం అనను. అది లేకపోయినా ఇంకో కారణం దొరికేది. అయితే మగపిల్లాడి ఫొటో వాడి సరదా కోసం, ఆడపిల్ల ఫొటో ఇతరులు పరీక్షించడం కోసం అన్న తేడా నాకు ఆ రోజే తెలిసింది.

ఇందులో ఇంకో వింత ఉంది. కౌబాయ్ అంటే గొడ్లు తోలేవాడే కదా! కొల్లేటి ఒడ్డున మా ఊళ్లో ఆ పని చేసింది ఎవరు? దోనె మీద వెళ్లి గేదెలకి గడ్డి కోసుకొచ్చింది మా అమ్మ. గేదెల్ని తోలుకెళ్లడానికి బడి మానేసింది మా పిన్ని కూతుళ్లు. వానొస్తే వాళ్ల నెత్తిన గోనెసంచి ఉండేది. వాళ్లనెవరూ ఫొటో తీయలేదు. అమెరికాలోనూ గొడ్లు తోలినవాళ్లలో నల్లవాళ్లు, మెక్సికన్లు ఎందరో ఉన్నా, సినిమాల్లో చాలాకాలం టోపీ తెల్ల మగవాడిదే అయింది.

ఆడవాళ్లు ఆ టోపీ పెట్టుకోలేదా అంటే, పెట్టుకున్నారు. 1885లో బఫెలో బిల్ ప్రదర్శనలో చేరిన ఆనీ ఓక్లీ టోపీ పెట్టుకుని, తుపాకీ పట్టుకుని దర్జాగా దిగిన ఫొటోలు ఈనాటికీ ఉన్నాయి. అంత దూరం ఎందుకు? దాస్ గారే 1970లో, కృష్ణ సినిమాకి ముందే, విజయలలితని నాయికగా పెట్టి ‘రౌడీ రాణి’ తీశారు. పగ తీర్చుకునే ఆడదాని కథ. జనం చూశారు. కానీ కృష్ణలా ఫొటో దిగమని కొడుకుల్ని స్టూడియోకి పంపిన ఇళ్లలో రాణిలా దిగమని కూతుర్ని పంపిన ఇల్లు ఒక్కటీ నేనెరగను. పైగా ఆ పేరు తిట్టుగా వాడారు. గట్టిగా మాట్లాడితే చాలు, ‘రౌడీ రాణి బయల్దేరింది’ అనేవాళ్లు.

కృష్ణ 2022లో పోయారు. 2023లో ఆయన పుట్టినరోజుకి ఆ సినిమా మళ్లీ థియేటర్లలో వేశారు. అన్నయ్య మనవణ్ణి తీసుకుని వెళ్లొచ్చాడు. ఆ సంబరాన్ని నేను తప్పు పట్టను. నా బాధ ఆల్బమ్ గురించి. వేడుక రోజు, ‘అమ్మ ఫొటో కూడా పెద్దది చేయించాల్సింది కదరా’ అన్నాను. ‘అమ్మది ఓటరు కార్డు మీద తప్ప ఎక్కడుందే?’ అన్నాడు. నిజమే. 1993లో ఎన్నికల సంఘం ఫొటో కార్డులు ఉండాలన్నాక అమ్మ కెమెరా ముందు కూర్చుంది. అప్పటికి ఆమెకి అరవై దాటాయి. ఆ అగ్గిపెట్టెంత ఫొటోలో ఆమె ఎవరికో జవాబు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది.

మీ ఇళ్లలో పాత ఆల్బమ్ ఉంటే ఒకసారి దించండి. ఎవరు ఏ వేషంలో ఉన్నారు, ఎవరు అసలు లేరు అన్నది పిల్లల ముందే మాట్లాడండి. ఉన్న ఆడవాళ్ల పేర్లు ఫొటో వెనక రాయండి. ఫలానా వాళ్ల భార్య అని కాదు, సొంత పేరు. మా వదిన, నేను కూర్చుని మా ఆల్బమ్‌కి ఆ పని మొదలుపెట్టాం. ఒక పెళ్లి ఫొటోలో చివరి వరసలో నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లెవరో చెప్పగలిగినవాళ్లు మా ఇంట్లో ఇప్పుడు లేరు.