ఎండల్లో రెండరింగ్

పెళ్ళిళ్ళ సీజన్ నడుస్తోంది. పగలంతా షూటింగ్, రాత్రంతా రెండరింగ్. మూడు గంటల ముహూర్తం వీడియోను ఎక్స్‌పోర్ట్‌కు పెడితే ప్రాసెసర్‌లోని కోర్లన్నీ తెరిపి లేకుండా పనిచేయాల్సిందే. గది 25 డిగ్రీల నుంచి 40కి వేడెక్కితే, అదే పనికి చిప్ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. చాలా ఇంటెల్ చిప్‌లు 100 డిగ్రీల దగ్గర, ఏఎండీ రైజెన్ 7000 వరుసలో చాలావి 95 దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. చిప్ కాలిపోతుందన్న భయం అక్కర్లేదు. పోయేది మన సమయం.

విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ‘మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్’ను 100 నుంచి 99కి దించి చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో టర్బో ఆగి, వేడి చప్పున దిగుతుంది. పని కాస్త ఆలస్యమవుతుంది, అంతే. ఎన్‌కోడింగ్‌ను గ్రాఫిక్స్ కార్డులోని ఎన్‌వెంక్‌కో, ఇంటెల్ క్విక్ సింక్‌కో అప్పగిస్తే ప్రాసెసర్‌పై భారం బాగా తగ్గుతుంది. అదే బిట్‌రేట్‌లో నాణ్యత ఒక పిసరు తగ్గవచ్చు. పెళ్ళి వీడియోకు ఆ తేడా పట్టించుకోనక్కర్లేదన్నది నా అభిప్రాయం.

ఇక దుమ్ము. వాడి వాడి ఉన్న ల్యాప్‌టాప్ అడుగుమూత విప్పితే, ఫ్యాన్‌కూ రాగి గొట్టాల చివరి రెక్కలకూ మధ్య కంబళి ముక్కలా పేరుకున్న పొర కనిపిస్తుంది. అది తీయకుండా కూలింగ్ ప్యాడ్ కొనడం డబ్బు దండగ.

ఈ పనులన్నీ ఈ సంచిక ప్రధాన వ్యాసంలో బొమ్మలతో సహా ఉన్నాయి. చదివేలోగా ఒక్క పని చేయండి: రెండర్‌కు పెట్టిన ల్యాప్‌టాప్‌ను పరుపు మీద నుంచి తీసి బల్ల మీద పెట్టండి.